పేరు దగ్గర పైకి లేచే పాట

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇందిరా నగర్‌లోని మా ఇంటికి వస్తుంటారు. కొందరు జనం పాటల మీద పరిశోధన చేస్తున్నామంటారు. కొందరు చర్చి కీర్తనలు తెలుగులోకి ఎలా తెచ్చారో చెప్పమంటారు. కూర్చోగానే అరచేతిలో పట్టే రికార్డరు తీసి బల్ల మీద పెడతారు. నేను ముందు దాన్ని ఆపమంటాను. ముసలాయనకి చాదస్తం అనుకుంటారు. చాదస్తం కాదు. ఎందుకో ఒక్కసారి రాసిపెడితే వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పే బాధ తప్పుతుందని ఇది మొదలుపెట్టాను. నాకు ఏ ఏడు ఏ ఉద్యోగం వచ్చింది, ఎవరు ఏ శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. అవి మీకు పనికిరావు, నాకు సరిగ్గా గుర్తూ లేవు.

కందకు లేని దురద

మాది యానాం. హిందువులం. ఫ్రెంచి బడిలో చదివాను, ఇంట్లో వయొలిన్ నేర్చుకున్నాను. గుమాస్తా పని దొరుకుతుందని పుదుచ్చేరి వచ్చేసరికి ఫ్రెంచి జెండా దిగిపోయి మన జెండా ఎగురుతోంది. నన్ను తీసుకుంటామన్న ఆఫీసే లేకుండా పోయింది. ఊళ్ళో అందరిదీ అదే స్థితి. దొరలు వెళ్ళారు గానీ పూర్తిగా వెళ్ళలేదు, మన ప్రభుత్వం వచ్చింది గానీ కాగితాల మీద ఇంకా రాలేదు. ఆ బదిలీ సంవత్సరాల్లో ఎవరికి ఏది అడగాలో ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడు నన్ను చేరదీసినవారు పి. సవరప్ప మాస్టారు. ఆయనదీ యానామే, కతోలికులు. చర్చిలో ఆర్గన్ వాయించేవారు. ఫ్రెంచి స్వరలిపి, మన సంగీతం రెండూ క్షుణ్ణంగా వచ్చు. ఈ తీరం పొడుగునా జనం పాడుకునే పాటల్ని సేకరించి స్వరాలు కట్టడం ఆయన పిచ్చి. చర్చి వెనక, ఫ్రెంచివాళ్ళుండే వైట్ టౌన్ అంచున, ఒక పాత గోదాం ఆయన సంగీతం గది. లాటిన్, ఫ్రెంచి కీర్తనల్ని తెలుగు చెయ్యడానికి ఆయనకి ఒక మనిషి కావాలి.

"నేను హిందువునండి," అన్నాను.

"తెలుసయ్యా. తాళం తప్పకుండా ఉంటే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడు," అన్నారు.

మా బాబాయి మాత్రం "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?" అని యానాం నుంచి వచ్చి మరీ తిట్టి వెళ్ళాడు.

కీర్తన తర్జుమా అంటే పుస్తకం పక్కన పెట్టుకుని అర్థం రాయడం అనుకుంటారు. కాదు. పాట ముందు, మాట తర్వాత. రాగం ఎక్కడ సాగుతుందో అక్కడ సాగే మాట పడాలి. ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడ మాట విరగకూడదు. నేను మొదట్లో ఇవన్నీ బాగా చేసి, అసలైనది చెడగొట్టేవాడిని. మా గాయకులు ఊళ్ళో తాతల నాటి నుంచి ఉన్న తెలుగు కుటుంబాలవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. తెలుగు అక్షరం రాదు, నేను చెబుతుంటే అరవ అక్షరాల్లో రాసుకునేవారు. కరుణాంబుధీ, నిరతిశయా అని నేను చెప్పుకుపోతుంటే ఒక పెద్దాయన పెన్సిలు కింద పెట్టి, "ఏంది సారూ ఈ తెలుగు? దేవుడికైనా అర్థమౌతాదా?" అన్నాడు. ఆ రోజు నుంచి నిఘంటువు ముట్టుకోవడం తగ్గించాను. మీరూ తగ్గించండి.

లేచిపోయిన జనం

మా పైన ఒక ఫ్రెంచి ఫాదరు ఉండేవారు. మంచివాడే గానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరి పెళ్ళిలోనో ఒక పాట విని ముచ్చటపడి, ఆ వరస మీద పండుగ పూజకి ప్రవేశ కీర్తన కట్టమన్నారు. అది మంగళహారతి వరస. మాస్టారు నవ్వి, "కట్టవయ్యా, ఆయనే చూస్తారు," అన్నారు.

పండుగ రోజు గాయకులు మొదటి చరణం ఎత్తుకోగానే, ఆడవాళ్ళు రెండు చేతులూ కళ్ళకి అద్దుకున్నారు. పిల్లల్ని చంకనేసుకున్నారు. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఫాదరు నిర్ఘాంతపోయి పీఠం మీద నుంచి, "వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారు?" అని అడిగారు.

మాస్టారు ఆర్గన్ మీద నుంచి తల ఎత్తకుండానే, "ఇళ్ళకండి. మీరు మంగళం పాడించారు కదా," అన్నారు.

చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఏ పాటకి ఏ వేళో తెలియనివాడు పాట జోలికి పోకూడదని మాస్టారు నాకు పాఠం కూడా చెప్పారు. అంత తెలిసిన మనిషి చేతుల మీదుగానే తర్వాతది జరిగింది.

ఆ తల్లికి పాట లేదా?

గుడ్ ఫ్రైడే నాడు సిలువ కింద నిలబడి తల్లి ఏడ్చే కీర్తన ఒకటి తెలుగు చెయ్యాలి. నేను రాసింది రాసినట్టు మాస్టారు కొట్టేసేవారు. "ఇది వకీలు ఏడుపులా ఉంది. కడుపు తరుక్కుపోయిన ఆడది ఇలా ఏడుస్తుందా? మనవాళ్ళు ఎలా ఏడుస్తారో విని రా," అన్నారు.

చావు ఇంట్లో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని భుజాలు పట్టుకుని పాడే ఏడుపు పాటని అక్కడ ఒప్పారి అంటారు. మిల్లు వీధుల్లో ఒప్పారికి ముత్యాలమ్మ పెట్టింది పేరు. మిల్లులో నూలు పని చేసేది. ముప్పై దాటని మనిషి, నుదుటి మీద కాసంత బొట్టు, మెడలో తాళి. మొగుడు ఫ్రెంచి సైన్యంలో చేరి వియత్నాంలో సైగోను యుద్ధానికి వెళ్ళాడు. అలా వెళ్ళినవాళ్ళని ఊళ్ళో సొల్దా అనేవారు. యుద్ధం ముగిసింది, చాలామంది తిరిగొచ్చారు, ఇతను రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆవిడా, ఆవిడ అత్త గంగమ్మా, ఒక కూతురూ ఒకే ఇంట్లో ఎదురుచూస్తూ ఉన్నారు. ఇది మాకు ముందే తెలుసు. తెలిసినదానికి అర్థం ఏమిటో మాత్రం తెలియలేదు.

మేము వెళ్ళి అడిగితే మొదట కుదరదంది. "శవం లేని ఇంట్లో ఒప్పారి పాడకూడదు సారూ. పాడితే ఆ ఇంటికి మంచిది కాదు."

"మా గోదాంలో ఎవరూ కాపురం ఉండరమ్మా," అన్నారు మాస్టారు. ఎందుకు కావాలో కూడా చెప్పారు.

"మీ ఊరేగింపులో నల్లచీర కట్టుకొని ఒక అమ్మ వస్తాదే, ఆమెకా? కొడుకు పొయినామెకా? ఆమె ఏడ్చేదానికి ఒక పాట గూడా లేదా మీ చర్చిలో? పాపం," అంది. ఆ జాలితోనే ఒప్పుకుంది. మరే ఆశా లేదు.

ఖాళీ

మిల్లు సెలవు నాటి మధ్యాహ్నం ముత్యాలమ్మ వచ్చింది. ఒంటరిగా రాకూడదని వీధిలోని నలుగురైదుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చింది. మాస్టారి దగ్గర కొత్తగా తెప్పించిన టేపు రికార్డరు ఉంది, సూట్‌కేసంత పెట్టె. దాన్ని చూసి ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

"తల్లి ఏడుపు నేను పాడను సారూ. నాకు బిడ్డ ఉండాది. పెండ్లాం ఏడ్చేది పాడతా. వరస అదే," అంది.

వరస కావాలి గనక మాస్టారు సరేనన్నారు. టేపు తిరిగింది. ఆవిడ పాడింది. నేను సంగీతం విన్నాను, నేర్చుకున్నాను, నేర్పాను. అలాంటి గొంతు మళ్ళీ వినలేదు. అయితే ప్రతి చరణంలోనూ ఒకచోట పాట పైకి లేచి, శిఖరం మీద ఠక్కున ఆగిపోయేది. ఆవిడ అక్కడ నోరు మూసుకుని, మళ్ళీ కింద నుంచి అందుకునేది.

మాస్టారు టేపు ఆపారు. "అక్కడ ఏం రావాలమ్మా?"

"ఆడ పేరు వస్తాది. పొయినోళ్ళ పేరు."

"మరి పాడవేం? పాటకి ప్రాణం అక్కడే ఉంది. ఖాళీ వదిలేస్తే రాగం గుంటలో పడిపోతోంది. ఏదో ఒక పేరు పెట్టు."

"ఉత్తపేరు పెట్టేదానికి రాదు సారూ."

"నోటికొచ్చిన పేరే పెట్టమ్మా. మేం రాసుకోవడానికే కదా."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మా యానాంలో లాగే అక్కడా భార్య మొగుడి పేరు నోట పలకదు. మాకు తెలిసింది అంతవరకే. అక్కడ దానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మొగుడు చనిపోయిన రోజున, ఒప్పారిలో, జీవితంలో మొదటిసారి ఆ పేరు పలుకుతుంది. ఆ ఒక్క పేరు కోసమే ఆ పాట అంత పైకి లేస్తుంది.

టేపు మళ్ళీ తిరిగింది. ముత్యాలమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. పాట లేచింది, శిఖరం దగ్గరికి వెళ్ళింది, ఈసారి ఆగలేదు.

"మునుసామీ..." అంది.

గోడవారగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ, "ఏందే... మునుసామిని ఏడ్చేసినావే!" అని కేక పెట్టింది. అందరూ ఒక్కసారిగా లేచి వచ్చి ముత్యాలమ్మ చుట్టూ కూర్చుని భుజాలు పట్టుకుని గొంతు కలిపారు. ఆవిడ ఆపలేదు. మళ్ళీ మళ్ళీ ఆ పేరే. మాస్టారు పరమానందంతో టేపు వైపు చూస్తున్నారు. ఇది కూడా పాటలో భాగమే అనుకున్నారాయన. నేనూ అలాగే అనుకున్నాను.

పాట ముగిసింది. ముత్యాలమ్మ పైట చెంగుతో నుదుటి బొట్టు తుడిచేసుకుంది.

అప్పటికి గానీ అది ఆవిడ మొగుడి పేరని మాకు తెలియలేదు. మాస్టారు పెట్టె ఆపడం కూడా మరిచిపోయారు. ఖాళీ టేపు అలా తిరుగుతూనే ఉంది. ఒక మనిషి మా ఎదురుగా, మా మాట మీద, మేము అడిగినందుకు విధవరాలైంది. ఇది జరిగిందని నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది.

"నోట్లో ఇంగొక పేరు లేదు సారూ," అంది వెళ్ళేముందు. అంతే.

అత్త

మర్నాడు గంగమ్మ వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

"ఆ పెట్టెలో నా కొడుకు చావు ఉండాదంట. తీసెయ్యండి. నా కొడుకు బతికుండాడు. నా కడుపు చెప్తా ఉండాది. అది ఏడ్చేస్తే చచ్చిపోతాడా? తీసెయ్యండి!"

మాస్టారు చెరిపేద్దామనే మీట మీద చెయ్యి వేశారు. అంతలో ముత్యాలమ్మ పరుగున వచ్చింది. బొట్టు లేని ఆ ముఖం నేను సరిగ్గా చూడలేకపోయాను. "చెరపొద్దు సారూ. పాడింది పాడినట్టే. అది ఎనక్కి రాదు," అంది.

"నా కొడుకును పాట పెట్టి సంపితివే!" అని గంగమ్మ.

"నేను సంపలా అత్తా. ఇన్నేండ్లు నేనే బతికిచ్చి పెట్టినా. ఇంగ నా చేత కాదు."

తగాదా తీర్చడానికి మాస్టారు ఒక మాట ఇచ్చారు. ఈ టేపు ఎవరికీ వినిపించరు, ఎక్కడికీ పంపరు. మునుసామి బతికున్నాడని కబురు వచ్చిన రోజున గంగమ్మ ఎదురుగా చెరిపేస్తారు. అంతవరకు అల్మరాలో ఉంటుంది. ఆయన జీవితంలో సేకరించిన వాటిలో అంత గొప్పది ఇంకోటి లేదు. అయినా మాట ఇచ్చారు. తప్పు తనదేనని ఆయన ఎవరి దగ్గరా దాచలేదు. "పాటలో ఖాళీ ఉంటే ఖాళీగా ఉంచాలయ్యా. అక్కడ ఎవరున్నారో మనకేం తెలుసు," అనేవారు. సంగీతం తెలిసినవాడు కాబట్టే చేసిన తప్పు అది. ఏమీ తెలియనివాడికి ఆ గుంట వినపడేదే కాదు. ఈ పని చేసేవాళ్ళలో నేను చూసిన పెద్ద జబ్బు ఇదే, మన చెవికి నిండుగా లేకపోతే ఎదుటి మనిషిని గిల్లి అయినా నింపుకోవడం.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకి మాటల్లేవు. గంగమ్మ పొద్దున్నే కుంకుమ బరిణె తెచ్చి కోడలి ముందు పెట్టేదట. కోడలు దాన్ని దాటుకుని మిల్లుకి వెళ్ళిపోయేదట. ఇది చూసిన ఇరుగుపొరుగు మాకు చెబుతుంటే మాస్టారు అన్నం ముందు నుంచి లేచిపోయేవారు.

కీర్తన వేరే వరస మీద కట్టాం. ఇప్పటికీ పాడుతున్నారు. బాగాలేదు. రాసింది నేనే గనక ఆ మాట అనే హక్కు నాకుంది.

రెండు ఆఫీసుల మధ్య

మునుసామి సంగతి తేల్చడానికి గంగమ్మని వెంటబెట్టుకుని నేను తిరగని చోటు లేదు. ఫ్రెంచివాళ్ళ ఆఫీసులో, "ఊరు మీవాళ్ళకి అప్పగించాం, వాళ్ళని అడగండి," అన్నారు. మన ఆఫీసులో, "వాడు వాళ్ళ సిపాయి, మాకేం తెలుసు? వాళ్ళని అడగండి," అన్నారు. ప్రభుత్వాలు చేతులు మార్చుకునేటప్పుడు మధ్యలో జారిపోయే మనుషులుంటారని నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు. గంగమ్మ పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను.

ఇంతలో మాస్టారు మంచాన పడ్డారు. పోయేముందు అల్మరా తాళం నా చేతిలో పెట్టి, "ఆ ముసలమ్మకిచ్చిన మాట ఇక నీది," అన్నారు. ఆ గది నాకు వచ్చింది, ఆ పని నాకు వచ్చింది, ఆ టేపూ వచ్చింది.

వేలిముద్ర

చివరికి కాగితాల మీద కూడా ఊరు మనదైంది. ఫ్రెంచివాళ్ళుగానే ఉండదలచినవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని గడువు పెట్టారు. ఎక్కడెక్కడి సొల్దాలో ఆ రోజుల్లో ఊళ్ళో దిగారు. ఒక ఉదయం మార్కెట్లో కూరలమ్మే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సారూ, విన్నారా? మునుసామి వచ్చినాడు!"

నా చేతిలోని సంచి జారిపోయింది. వంకాయలు దొర్లిపోతున్నా చూడలేదు. మనిషి బతికున్నాడు! గంగమ్మ కడుపు చెప్పింది నిజమే! నేరుగా గదికి పరిగెత్తి అల్మరా తెరిచి, టేపు పెట్టెకెక్కించి, చెరపడానికి అంతా సిద్ధం చేసి కూర్చున్నాను.

మధ్యాహ్నానికి గంగమ్మ వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అబ్బాయి వచ్చాడట కదమ్మా!" అన్నాను.

"వచ్చినాడు."

"ఇంట్లో ఉన్నాడా?"

"ఇంట్లో యాడుంటాడు? ఓటల్లో దిగినాడు. సైగోను ఆమె గూడా వచ్చుండాది. ఇద్దురు పిలకాయలు. యుద్ధం అయిపోతానే అందురూ ఫ్రాన్సుకు పొయినారంట. ఆడనే ఉండారంట, ఇన్నేండ్లూ."

ఆవిడ వచ్చి బల్ల మీద కూర్చుంది.

"నా యేలిముద్ర కోసరం వచ్చినాడయ్యా. వాడు ఈడ పుట్టినాడని నేను సాచ్చి చెప్పాలంట. అప్పుడే వాడి కాయితం నిలుస్తాదంట."

"వేశారా?"

"ఏసినా. అడిగినాడు, ఏసినా. కడుపు తీపి గదా." బొటనవేలికి సిరా ఇంకా అలాగే ఉంది. "కోడల్ని గురించి అడగలా. బిడ్డను గురించీ అడగలా. ఓటల్లో వాళ్ళు అన్నానికి కాచుకోనుంటారని లేచినాడు. అప్పుడే అది మజ్జానానికి మిల్లు నించి వచ్చింది. తిన్నె కాడ కోటు ఏసుకోని నిలబడుండాడు. చూసింది. 'ఎవురత్తా ఈయన?' అనింది. ఇన్నేండ్లకు నాతో మాట్లాడింది అదే. అనేసి లోపలికి పొయింది, పొయ్యి ముట్టిచ్చింది."

మాస్టారు ఇచ్చిన మాట ఒక్కటే పట్టుకున్నాను. "అమ్మా, కబురు వచ్చింది కదా. మీ ఎదురుగా ఇప్పుడే చెరిపేస్తాను," అని మీట మీద చెయ్యి వేశాను.

గంగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వొద్దు."

"మీరే కదమ్మా చెరపమన్నారు?"

"అప్పుడు అంటిని. వొద్దయ్యా, ఉండనీ. నేను ఒకసారి గూడా వినలా. పెట్టు."

పెట్టాను. ముత్యాలమ్మ గొంతు ఆ గోదాంలో మళ్ళీ లేచింది. గంగమ్మ తల వంచుకుని వింటోంది. మొదటి చరణాల్లో ఖాళీలు వచ్చాయి, పోయాయి. తర్వాత పాట శిఖరానికి వెళ్ళి ఆ పేరు పలికింది. గంగమ్మ నేల మీదికి దిగి కూర్చుంది. రెండోసారి ఆ పేరు వచ్చేసరికి ఆవిడ కోడలి గొంతుతో గొంతు కలిపి, "మునుసామీ... కొడకా..." అని అందుకుంది.

కొడుకు నాలుగు వీధుల అవతల హోటల్లో పెళ్ళాం పిల్లలతో భోజనం చేస్తున్నాడు. తల్లి టేపు అయిపోయేదాకా వాణ్ణి ఏడ్చింది.